ఫార్వర్డు చేయబడిన శ్లోకము

సూర్యోదయమునకు రెండు ముహూర్తముల పూర్వము, అనగా సుమారు ఒక గంట ముప్పదియారు నిమిషముల ముందు, బ్రాహ్మీ ముహూర్తము ప్రారంభమగును. ఆ వేళ మేల్కొనినవాడు శయ్యపై నుండియే ముందుగా తన అరచేతులను చూచుకొనవలెనని పెద్దలు నేర్పిరి. ఆ కరదర్శనము నేటికిని లోపము లేక జరుగుచునే యున్నది. కాని ఆ కరమున ఇప్పుడు చరవాణి యున్నది.

చరవాణి తెరువగానే రోజాపూల నడుమ శ్రీ వేంకటేశ్వరుడు, క్రింద 'శుభోదయం'. తరువాత ఆనాటి పంచాంగము. తరువాత ఒక శ్లోకము. అందు ఒత్తులు కొన్ని లేవు, విసర్గలు అసలే లేవు. దాని వెంట ఒక మహాత్ముని చిత్రము, ప్రక్కన ఆయన ఎన్నడును పలుకని ఒక వాక్యము. అటుపిమ్మట నిమ్మరసముతో నయమగు వ్యాధుల పట్టిక. అపార్టుమెంటువారి సత్సంగ గ్రూపు, బంధువుల గ్రూపు, విష్ణుసహస్రనామ పారాయణ గ్రూపు, ఎప్పుడో కలిసి కాశీయాత్ర చేసి వచ్చినవారి గ్రూపు. నాలుగింటిలోను అదే వేంకటేశ్వరుడు, అవే రోజాపూలు. అన్నింటికిని రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి సమాధానముగా పోవును. సంధ్యావందనము విడిచినవారు సైతము ఈ వందనమును విడుచుట లేదు.

దీనిని గూర్చి లోకమున రెండు అభిప్రాయములు వినవచ్చుచున్నవి. ఇదియు ధర్మప్రచారమే, వందమందిలో ఒక్కరు చదివినను పుణ్యమే యని కొందరి మతము. ఇది తీరికగలవారి కాలక్షేపము, భక్తి పేర జరుగు సోమరితనము అని మరికొందరి ఆక్షేపణ. మొదటివారు పంపుచుందురు, రెండవవారు చదువకయే చెరిపివేయుచుందురు. వాదము ఇంతటితో ఆగిపోవుచున్నది. అయితే మాటను మరొకరికి అందించుట మంచిదా చెడ్డదా యని నిర్ణయించుటకు మన శాస్త్రమున కొలబద్ద లేకపోలేదు. భగవద్గీత పదునేడవ అధ్యాయము పదునైదవ శ్లోకమున భగవానుడు వాఙ్మయ తపస్సును నిర్వచించినాడు. ఎదుటివారికి ఉద్వేగము కలిగింపనిది, సత్యమైనది, ప్రియమైనది, హితమైనది యగు వాక్కు, దానితోపాటు స్వాధ్యాయాభ్యాసము. ఆనాడు వాక్కు నోటినుండి వెలువడెడిది, నేడు బొటనవ్రేలి నుండి వెలువడుచున్నది. వెలువడు ద్వారము మారినంత మాత్రమున ధర్మము మారదు.

ఈ లక్షణములలో మొదటిదాని వద్దనే ఎన్నో సందేశములు కూలిపోవుచున్నవి. 'దీనిని పదునొకండు మందికి పంపుడు, రాత్రిలోపల శుభవార్త వినెదరు. ఉపేక్షించినవారికి కష్టములు తప్పవు' అనునది అందరును ఎరిగిన మచ్చు. ఇది చరవాణితో పుట్టిన వ్యాధి కాదు. పోస్టుకార్డుల కాలముననే ఈ రోగమున్నది. ఫలానా దేవుని మహిమ వ్రాసి, ఇన్ని కార్డులు వ్రాసి పంపుమని, పంపినవానికి ధనము లభించెననియు, చించివేసినవానికి ఆపద వచ్చెననియు చెప్పు ఉత్తరములు తెలుగు గ్రామములలో ఇంటింటికి వచ్చెడివి. నమ్మినను నమ్మకపోయినను, 'ఎందుకైనా మంచిది' అని గృహిణి పిల్లవానిచేత కార్డులు వ్రాయించెడిది. అయితే అప్పుడు కార్డునకు కొంత డబ్బు, చేతికి కొంత నొప్పి ఉండెడివి. ఆ శ్రమయే ఆ భయమునకు ఒక ఆనకట్ట. నేడు ఆ ఆనకట్టయు లేదు.

ఇట్టి సందేశమును పంపువాడు తాను భక్తుడననియే భావించును. కాని అతడు ప్రకటించుచున్న సిద్ధాంతము ఏమి? తన బొమ్మను పదునొకండు మందికి పంపలేదని ఆగ్రహించి ఒక గృహస్థునకు వ్యాధి కలిగించు దైవము! కర్మసిద్ధాంతమున ఫలము కర్మను అనుసరించి వచ్చును గాని, బెదిరింపును అనుసరించి రాదు. నాస్తికుడు ఈశ్వరుడు లేడని చెప్పును; ఇతడు ఈశ్వరుని అల్పబుద్ధిగల అధికారిగా చూపును. ఈ రెండింటిలో ఏది పెద్ద అపచారమో ఆలోచింపదగినది. అట్టి సందేశము ఎవరినుండి వచ్చినను, ఎంతటి పెద్దల నుండి వచ్చినను, అక్కడితో ఆపివేయుటయే ఈశ్వరునకు చేయు సేవ.

రెండవ లక్షణము సత్యము. ఇది ఇంకను సున్నితమైన విషయము. అనేక గృహములలో, దుకాణములలో 'గీతాసారము' అను పటము వ్రేలాడుచుండును. జరిగినదంతయు మంచికేయని, నీవేమి పోగొట్టుకొంటివని ఓదార్చు వాక్యములు అందుండును. గీతలోని ఏడువందల శ్లోకములను వెదకినను ఆ వాక్యములు కానరావు. వానిలో ఓదార్పు లేదని కాదు; దుఃఖమున నున్నవాడు ఆ పటము చూచి కొంత ఊరట పొందుచుండవచ్చును. కాని అది శ్రీకృష్ణుని వాక్యమని చెప్పుట సత్యము కాదు. అంతకంటె ముఖ్యముగా, 'జరిగినదంతయు మంచికే' అని సరిపెట్టుకొనుట గీత యొక్క హృదయమే కాదు. అర్జునుడు యుద్ధరంగమున చతికిలబడినప్పుడు, జరుగునది జరుగుననియు, ఊరక చూచుచుండుమనియు భగవానుడు చెప్పలేదు. లెమ్మనెను.

మాటను మరొకరికి అందించుటలో మన పూర్వులు చూపిన జాగరూకతను తలచినచో నేటి అజాగ్రత్త మరింత బాధించును. వేదమును వ్రాతపై ఆధారపడక నోటినుండి చెవికి, చెవినుండి నోటికి వేల సంవత్సరములు కాపాడినారు. అందులకు క్రమ, జట, ఘన మొదలగు పాఠములను కల్పించినారు. క్రమమున మొదటి పదమును రెండవదానితో, రెండవదానిని మూడవదానితో జతపరచి చెప్పుదురు. జటలో ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు అని ముందుకును వెనుకకును చెప్పుదురు. ఘనమున ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, ఒకటి రెండు మూడు అని సాగును. ఒక్క అక్షరము జారినను, ఒక్క స్వరము తప్పినను ఈ అల్లికలో వెంటనే దొరికిపోవును. ఒక ఘనపాఠి సిద్ధమగుటకు బాల్యము, యౌవనము రెండును ధారపోయవలసి యుండును. 2003లో యునెస్కో వేదపఠన సంప్రదాయమును మానవజాతి వారసత్వ సంపదగా గుర్తించినది. ఆ గుర్తింపు లేకున్నను ఆ పాఠము నిలిచియుండెడిదే. అట్టి జాతి సంతానము ఒక శ్లోకమును ఒక్కసారియైనను పూర్తిగా చదువకయే నూరుమందికి పంపుచున్నది.

2018లో అసత్యవార్తలు వ్యాపించుట వలన దేశమున కొన్ని తావుల అమాయకులు మూకదాడులకు బలియైరి. అటుపిమ్మట వాట్సాప్ సంస్థ భారతదేశమున ఒక సందేశమును ఒకేసారి ఐదు చోట్లకు మించి పంప వీలులేకుండ చేసినది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే అనేక చేతులు మారినదని రెండు బాణముల గుర్తు పొందిన సందేశమును ఒకసారి ఒక్క చోటికి మాత్రమే పంపవచ్చునని కట్టడి చేసినది. వాక్కునకు నియమము అవసరమని ఒక యంత్రసంస్థ కనుగొని కంచె వేయవలసి వచ్చినది. మౌనమును తపస్సుగా లెక్కించిన సంప్రదాయమున పుట్టినవారికి ఇది కొంత సిగ్గు కలిగింపవలసిన విషయమే.

అసత్యము కాకున్నను అస్థానమున పడు సత్యమొకటి కలదు. దానికి ఉదాహరణము దినపంచాంగము. చంద్రుడు సూర్యుని నుండి పండ్రెండు డిగ్రీలు దూరము జరిగినప్పుడెల్ల ఒక తిథి గడచును. ఆ క్షణము భూమండలమంతటికిని ఒక్కటే. కాని వ్రతాదులకు ప్రధానముగా చూడవలసినది స్థానిక సూర్యోదయ సమయమున ఏ తిథి యున్నదనునది; సూర్యోదయము ఊరూరికిని వేరు. విజయవాడకు గణించిన పంచాంగము న్యూజెర్సీలోని కుమార్తెకు చేరినప్పుడు ఆమెకు అక్కడ అది క్రితము దినపు సాయంకాలము. ఆ సందేశము చూచి 'నేడు ఏకాదశి' అని ఆమె ఉపవసించినచో, అది దశమి నాటి ఉపవాసము కావచ్చును. రాహుకాలమును అంతే. పగటి కాలమును ఎనిమిది భాగములు చేసి అందొక భాగమును రాహుకాలమందురు. సోమవారము ఏడున్నర మొదలు తొమ్మిది వరకని కంఠస్థము చేసిన లెక్క ఆరు గంటలకు ఉదయించి ఆరు గంటలకు అస్తమించు సూర్యునకు చెల్లును. వేసవిలో రాత్రి తొమ్మిది దాటినను వెలుగు తగ్గని లండను నగరమున ఆ లెక్కకు అర్థము లేదు. పంపిన తండ్రి తప్పు చెప్పలేదు. అందుకొన్న కుమార్తెకు మాత్రము ఒప్పు చేరలేదు. విదేశములందున్న తెలుగువారు తమ ఊరి సూర్యోదయమును బట్టి గణించిన పంచాంగమును చూచుకొనుట ఉత్తమము.

ఇచ్చట ఒక చిన్న సందేహమును తీర్చుట అవసరము, ఏలయన అది అనేకులను నిజముగా బాధించుచున్నది. చరవాణి నిండిపోయినప్పుడు దేవతామూర్తుల చిత్రములను చెరిపివేయవచ్చునా? పాపము రాదా? కొందరు వృద్ధులు ఈ భయముచేతనే మనుమల ఫోటోలను తొలగించి దేవుని ఫోటోలను ఉంచుకొనుచున్నారు. భాద్రపద మాసమున మృత్తికతో వినాయకుని చేసి, ప్రాణప్రతిష్ఠ గావించి, పూజించి, ఉద్వాసన చెప్పి, నీటిలో కలుపుచున్నాము. ఆవాహన చేసి అర్చించిన మూర్తికే విసర్జనము విహితమైనప్పుడు, ఆవాహనయే లేని వెలుగుచుక్కల బొమ్మను తొలగించుటలో దోషమెక్కడిది? ఆ చిత్రమును పంపునప్పుడు లేని భయభక్తులు చెరుపునప్పుడు మాత్రము కలుగుట విచిత్రము. నిశ్చింతగా తొలగింపవచ్చును. మనుమల ఫోటోలను ఉంచుకొనవచ్చును.

ఇంతవరకు చెప్పినది పంపువాని విషయము. అందుకొనువాని సంగతి వేరొకటి. ఛాందోగ్యోపనిషత్తు ఏడవ అధ్యాయమున నారదుడు సనత్కుమారుని సన్నిధికి వచ్చి ఉపదేశింపుమని ప్రార్థించును. నీకు తెలిసినదేమో ముందు చెప్పుమని సనత్కుమారుడు అడుగును. నారదుడు చెప్పిన పట్టిక చాల పెద్దది. నాలుగు వేదములు, ఇతిహాస పురాణములు, వ్యాకరణము, గణితము, తర్కము, నక్షత్రవిద్య, సర్పవిద్య... ఇన్ని చెప్పి, తాను మంత్రముల నెరిగినవాడనే గాని ఆత్మ నెరిగినవాడను కాననియు, దుఃఖించుచున్నాననియు విన్నవించును. నీవు నేర్చినదంతయు నామమాత్రమేయని సనత్కుమారుడు సమాధానము చెప్పి, అక్కడినుండి మెట్టుమెట్టుగా భూమవిద్య వరకు కొనిపోవును. నారదుని పట్టికకు నేటి చరవాణి ఏమాత్రమును తీసిపోదు. ఉపనిషత్తులపై ప్రవచనములు, ఆగమ గ్రంథముల ప్రతులు, నూరు స్తోత్రముల శబ్దగ్రహణములు అందు పడియున్నవి. తేడా ఒక్కటే. నారదుడు ఆ విద్యలను నేర్చెను, పిదప తనకు శోకము తీరలేదని గుర్తించెను. నేటి సాధకుడు వానిని భద్రపరచి, నేర్చితినని తృప్తి పడుచున్నాడు. శోకము తీరలేదని గుర్తించుటకైనను అతనికి తీరిక చిక్కుట లేదు, అంతలో మరొక సందేశము వచ్చును.

శ్రవణ మనన నిదిధ్యాసనములలో శ్రవణమనగా చెవిన పడుట కాదు. వేదాంతవాక్యముల తాత్పర్యము ఇదియని నిశ్చయించుకొను మనోవ్యాపారము. నూరు వాక్యములు చెవిన పడినను ఒక్కదాని తాత్పర్యము నిశ్చయము కాకున్నచో శ్రవణము ఆరంభమే కాలేదు.

ఇట్లని ఉదయ సందేశములన్నింటిని వ్యర్థములని త్రోసివేయుట న్యాయమా? గోదావరీ తీరమున ఒక పట్టణములో విశ్రాంత బ్యాంకు ఉద్యోగి యొకరు గలరు. భార్య గతించి నాలుగేండ్లయినది. కుమారుడు బెంగళూరున, కుమార్తె న్యూజెర్సీలో. ప్రతిదినము తెల్లవారుజామున నాలుగు ముప్పావునకు ఆయన బంధువుల గ్రూపునకు ఒక శ్లోకమును పంపుచుండెడివారు. ఒకనాడు మేనల్లుడు అందరి యెదుట ఇట్లు వ్రాసెను: "మావయ్యా, ఇవి మీరు చదివే పంపుతున్నారా? నిన్నటి శ్లోకం గీతలోదే కాదు." కొందరు నవ్వు బొమ్మలు పెట్టిరి. పెద్దాయన సమాధానమీయలేదు. మరునాడు శ్లోకము రాలేదు. ఆ మరునాడును రాలేదు.

మూడవనాడు కుమార్తె ఫోను చేసినది.

"నాన్నా, ఒంట్లో బాగానే ఉందా? మూడు రోజులుగా ఏమీ పెట్టడం లేదు."

"బాగానే ఉన్నానమ్మా. అవి ఎవరూ చదవరని తెలిసింది. ఎందుకులే అని."

"నేనూ చదవను నాన్నా, నిజం చెప్పాలంటే. కానీ చూస్తాను. రాత్రి వంట చేస్తుంటే మీ మెసేజ్ వస్తుంది. నాన్న లేచాడు అనుకుంటాను."

మేనల్లుడు చెప్పినది అసత్యము కాదు. ఆ శ్లోకము నిజముగానే గీతలోనిది కాదు. కాని ఆ సందేశమున శ్లోకము వాహనము మాత్రమే యని, అందు ఎక్కి వచ్చుచున్నది 'నేను క్షేమము, మీరు క్షేమమా' అను కుశలప్రశ్న యని అతడు గ్రహింపలేదు. పూర్వము ఉత్తరములకు పైన 'శ్రీరామ' అని, 'ఇక్కడ మేమంతా క్షేమము' అని వ్రాసెడివారు. ఆ మాటలను ఎవరును వేదాంతబోధగా చదువలేదు, వ్యర్థములని కొట్టివేయనును లేదు. తెల్లవారక మునుపే లేచి, ఏకాకిగా కూర్చుండి, దూరమున నున్న పిల్లలను తలచుకొని ఒక వృద్ధుడు పంపు రోజాపూవు అసత్యమెట్లగును? అందు దోషము ప్రేమయందు లేదు; ప్రేమకు అరువు తెచ్చుకొన్న మాటయందున్నది. క్షేమసమాచారమును క్షేమసమాచారముగనే పంపవచ్చును. శ్లోకమును పంపదలచినచో అది తాను చదివినదై యుండవలెను.

పెద్దాయన ఈ సంగతిని ఎవరును చెప్పకయే గ్రహించినారు. ప్రతిదినము పంపుట మానినారు. ఉదయమున 'లేచాను' అని ఒక్క మాట మాత్రము పెట్టుచున్నారు. శనివారమునాడు గీతలోని ఒక్క శ్లోకమును తామే చదివి, తమ కంఠముతో రికార్డు చేసి, అర్థమును తమకు తెలిసినంత చెప్పి పంపుచున్నారు. కంఠము వణకును, మధ్యలో కుక్కరు కూత, వీధిలో పాలవాని కేక వినబడును. మూడు నిమిషముల మాటకు వారమంతయు పుస్తకము చూడవలసి వచ్చుచున్నది. తైత్తిరీయము స్వాధ్యాయ ప్రవచనములను ఎందుకు జంటగా పదేపదే చెప్పినదో ఆయనకు డెబ్బదియొకటవ ఏట తెలిసివచ్చినది. వినువారు మునుపటికంటె తగ్గిరి. నవ్వు బొమ్మలును తగ్గినవి.

ఒక శనివారము వాఙ్మయ తపస్సును గూర్చిన శ్లోకము వచ్చినది. ఆ రాత్రియే న్యూజెర్సీ నుండి మనుమరాలు అడిగినది: "తాతయ్యా, నిజం చెబితే ఎదుటివాళ్ళకి నచ్చకపోతే అప్పుడేం చేయాలి? నిజమే చెప్పాలా, నచ్చేదే చెప్పాలా?"

ఆయనకు వెంటనే సమాధానము తోచలేదు. రెండు రోజులు గడువడిగి, అటక మీదినుండి శాంకరభాష్యమును దింపించినారు. ఆ లక్షణములలో ఏ యొక్కటి లోపించినను ఆ వాక్కు వాఙ్మయ తపస్సు కాదని, అన్నియు కలిసి యుండవలెనని ఆచార్యులు అచ్చట స్పష్టముగా వివరించియున్నారు. దానిని తన మాటలలో చెప్పి పంపినారు.

మనుమరాలు ఊరుకొనలేదు. "మరి ఆ రోజు మావయ్య మీతో అన్నది నిజమే కదా. అది తపస్సు కాదా?"

చాలసేపటి పిమ్మట సమాధానము వెళ్ళినది. "ఆ మాట నాకు ప్రియంగా లేదమ్మా, బాధ కూడా కలిగింది. కాబట్టి వాడికది తపస్సు కాలేదు. కానీ నాకు హితమే అయింది. పుస్తకం దింపింది ఆ మాటే. ప్రియం అంటే ఎవరికి, ఎప్పుడు ప్రియం అన్నది ఇంకా చూస్తున్నాను తల్లీ."

తరువాతి శనివారము ఆయన మరొక శ్లోకమునకు పోలేదు. దానినే మరల చదివినారు.